నురగ తీసిన చెయ్యి

అలోయిస్ ష్పాచెక్‌ది ఆత్మహత్య అని కమిల్ విద్రా తేల్చేసేసరికి నేనింకా కోటు కూడా విప్పలేదు.

ఆ సోమవారం పొద్దున అతడు నాకన్నా ముందే ఆ ఇంటికి చేరుకున్నాడు. పోలీసు శాఖలో మా ఇద్దరిదీ ఒకటే హోదా, ఒకటే గది, ఎదురెదురు బల్లలు. మా పై అధికారి రిటైరై ఆయన కుర్చీ ఖాళీ అయినప్పటి నుంచి ప్రతి కేసూ వెంటనే మూసెయ్యాలన్న తొందర విద్రాకి పట్టుకుంది. ఆ కుర్చీ మీద నాకు ఆశ లేదని చెప్తే ఎవరూ నమ్మరు. అందుకని చెప్పడం మానేశాను.

శవాన్ని అప్పటికే తీసుకెళ్ళిపోయారు. నేలమాళిగ తలుపు ముందు నిలబడి విద్రా నాకు కథంతా అప్పజెప్పాడు. పోయినవాడికి అరవై ఏడేళ్ళు. లిఫ్టుల మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. స్వాటవా అని ఒక్కతే కూతురు, బ్ర్నో నగరంలో ట్రామ్ నడుపుతుంది, ఎప్పుడో గాని రాదు. మనిషి ఇంట్లోనే బీరు కాచుకుంటాడు. కింద గదిలో రెండు పెద్ద తొట్ల నిండా బీరు పులుస్తోంది. పులిసేటప్పుడు వచ్చే గ్యాసు గాలికన్నా బరువు. పైకి లేవదు, నేలమీదే నిలుస్తుంది. అందులోకి దిగాడు, పడ్డాడు, పోయాడు. గురువారం సాయంత్రం ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. చెత్తబుట్ట వీధిలో పెట్టలేదేమిటా అని పక్కింటి హెర్మీనా ఇవాళ వచ్చి చూసేదాకా ఎవరికీ తెలియలేదు.

గురువారం నుంచి సోమవారం దాకా. ఆ మాట వినగానే నాకు నా ఫ్లాటు గుర్తొచ్చింది. నేను పోతే చెత్తబుట్ట సంగతి పట్టించుకునే హెర్మీనా కూడా నాకు లేదు.

"అయితే ప్రమాదమే కదా?" అన్నాను.

"ఇది చూసి చెప్పు," అంటూ విద్రా తలుపు పక్కన గోడకి బిగించిన ఇనప పెట్టె మూత తీశాడు.

బీరు కాచే ఇళ్ళు మా వైపు చాలా ఉన్నాయి. చాలావాటిలో ఉండేది ఒక పెద్ద గిన్నె, ఒక ప్లాస్టిక్ డబ్బా, బోలెడన్ని గొప్పలు. ష్పాచెక్ అలా కాదు. పై అంతస్తులో, ఒకప్పుడు భార్య బట్టలుతుక్కున్న గదిలో, గ్యాసు పొయ్యి మీద స్టీలు కాగు కూర్చోబెట్టాడు. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ, అంటే మాల్టూ, చేదు కోసం వేసే హాప్స్ పూలూ అక్కడ మరుగుతాయి. ఆ తీపి కషాయం రాగి గొట్టపు చుట్టలోంచి, చుట్టూ చన్నీళ్ళు పారుతుండగా చల్లబడుతూ, గోడ వెంబడి దిగి నేలమాళిగలోని తొట్లలో పడుతుంది. పంపు అన్నదే లేదు, దాని బరువే దాన్ని కిందికి దించుతుంది. బరువుల చేత పని చేయించడం లిఫ్టు మెకానిక్కి ఎవరు నేర్పాలి?

గ్యాసుకి కూడా దారి చూపించాడు. కింది గదిలో నేలకి ఆనించి ఒక గొట్టం పెట్టి, తోట వాలులోకి తీసి, ఆ చివర ఫ్యాను బిగించాడు. గదికి తలుపు పాత లిఫ్టుది, దళసరి ఉక్కుది. మూస్తే దానంతటదే గడియ పడుతుంది. బయటినుంచి తెరవాలంటే ముందు ఫ్యాను కాసేపు తిరగాలి, అప్పుడే గడియ వదులుతుంది. లోపలినుంచైతే పిడి తిప్పితే చాలు, కరెంటు ఉన్నా లేకపోయినా తెరుచుకుంటుంది. అంటే ష్పాచెక్ లెక్కలో ఆ తలుపు తెరుచుకుందీ అంటే లోపల గాలి మంచిదనే అర్థం. లిఫ్టు వచ్చి నిలబడితే గాని తలుపు తెరుచుకోకూడదని జీవితమంతా చూసుకున్న మనిషి తన ఇంటికి కూడా అదే నియమం పెట్టుకున్నాడు.

ఫ్యానుకీ గడియకీ లంకె వేసే ఆ పెట్టెలో, రెండు మొనలని కలుపుతూ, ఒక రాగి తీగ ముక్క ఉంది. ఫ్యాను ఆగి ఉన్నా తిరుగుతున్నట్టు గడియని నమ్మిస్తుంది ఆ తీగ.

"ఇది కట్టినవాడికి తప్ప ఇంకెవడికి తెలుస్తుంది, బొహ్దానా?" అన్నాడు విద్రా. "ఫ్యాను ఆపాడు, తీగ పెట్టాడు, దిగాడు. దిగేముందు వంటింట్లోంచి కూతురికి ఫోన్ చేశాడు, ఆవిడ ఎత్తలేదు. ఇంకేం కావాలి నీకు?"

నేను పెట్టెలోకి తొంగిచూశాను. ప్రతి వైరు చివరా తొడుగుంది, ప్రతిదానికీ అంకె అంటించి ఉంది, ప్రతి మరా బిగించి ఉంది. ఈ ముక్క ఒక్కదాన్నే బస్తా మూతి కట్టినట్టు మెలిపెట్టి వదిలేశారు. ఇన్నేళ్ళు లిఫ్టుల్లో జనం ప్రాణాలు కాపాడిన చెయ్యి, చావడానికైనా సరే, ఇంత మొరటుగా వైరు కట్టదన్నాను. చచ్చేవాడు పనితనం చూపించుకోవాలా అని విద్రా నవ్వాడు.

ఫ్యాను వేయించి, చాలాసేపు ఆగి కిందికి దిగాను. గది తలుపుకన్నా బాగా పల్లంలో ఉంది, బావిలోకి దిగినట్టే మెట్లు దిగాలి. నేల కడిగి తుడిచినట్టుంది. రెండు స్టీలు తొట్లు, పక్కన ఎత్తుపీట ఒకటి, గోడకి తగిలించిన పెద్ద చిల్లుల గరిటె. తొట్లలో బీరు మీద సన్నటి తెల్లటి పొర తప్ప మరేమీ లేదు. మూలనున్న బకెట్టులో ముదురు గోధుమరంగు మడ్డి కనిపించింది. వేలు పెడితే ఇంకా మెత్తగానే తగిలింది.

నా మాజీ మొగుడు కూడా మా బాత్‌రూములో బీరు కాచేవాడు. నేను స్నానానికి పక్కింటికి వెళ్ళేదాన్ని. ఆ కాపురంలో నాకు మిగిలిన చదువు అదొక్కటే. బీరు పులవడం జోరందుకున్నప్పుడు నురగ తొట్టి అంచు దాటి పొంగుతుంది. తర్వాత దిగిపోయి, నల్లగా కమిలి, దుప్పటిలా పైన పరుచుకుంటుంది. ఆ దుప్పటిని సమయానికి ఎత్తెయ్యాలి. ఎత్తకపోతే అది మునిగి బీరంతా చేదెక్కుతుంది. ఇక్కడ ఎవరో శుభ్రంగా ఎత్తేశారు. ఆ పూట నాకందులో వింతేమీ కనిపించలేదు. బీరు కాచే మనిషి నురగ తీశాడు, అంతే కదా అనుకున్నాను.

పైకొచ్చేసరికి విద్రా మనిషి ఆ ఇనప పెట్టెని గోడనుంచి ఊడదీస్తున్నాడు. ల్యాబుకి పంపాలట. ఫ్యానుకి కరెంటు వెళ్ళేది ఆ పెట్టెలోంచే, అది తీసేస్తే గ్యాసు మళ్ళీ నిలుస్తుందని చెప్పాను. తలుపు తెరిచే ఉంచుతాం, గాలి అదే ఆడుతుందన్నాడు విద్రా. తలుపు ఎక్కడుంది, నేల ఎక్కడుంది, ఆ గ్యాసు మెట్లెక్కి వస్తుందా అని అడిగాను. విద్రా ఒక చెక్కముక్క వెతికి తలుపు కింద దూర్చి, పైన ఎర్ర టేపు అడ్డంగా అంటించాడు.

"చదువుకున్నవాళ్ళు టేపు దాటరులే," అన్నాడు. "రేపు మధ్యాహ్నం రెండింటికి ఫైలు ప్రాసిక్యూటర్ బల్లమీద ఉంటుంది. బీరు కూడా రేపే పారబోయిస్తున్నాను. నీకేమైనా రాసుకోవాలనుంటే ఈలోపు రాసుకో."

నాకు ఒళ్ళు మండింది. కాని అతడు ముందొచ్చాడు కాబట్టి కేసు అతడిది. నేను రెండో సంతకాన్ని మాత్రమే.

వెళ్తూ వెళ్తూ పక్కింటి హెర్మీనాని పలకరించాను. ఆ ఫ్యాను మూతి ఆవిడ కంచె వైపే ఉందట. ఆ పులిసిన కంపుకి ఆవిడ గులాబీలు కూడా ముఖం తిప్పుకుంటున్నాయని ఏడాదిగా ష్పాచెక్‌తో జగడమట. ఆ జగడమే తమ ఇద్దరికీ రోజూ కాలక్షేపమని చెబుతూ ఆవిడ కళ్ళొత్తుకుంది. ఆ వారం ఫ్యాను మోగిందా అని అడిగాను. బుధవారం నుంచి మోగలేదట, పీడా విరగడయింది అనుకుందట. శనివారం మాత్రం ఆవిడ కొమ్మలు కత్తిరించుకుంటుంటే మళ్ళీ కాసేపు మోగి ఆగిపోయిందట.

గురువారమే పోయిన మనిషి శనివారం ఫ్యాను వెయ్యలేడు. ఆ ముక్క చెబుదామని విద్రాకి ఫోన్ చేస్తే, ముసలావిడకి రోజులు తికమకపడి ఉంటాయని పెట్టేశాడు.

మంగళవారం పొద్దున మళ్ళీ వెళ్ళేసరికి స్వాటవా వంటింట్లో కూర్చుని ఉంది. రాత్రి రైల్లో వచ్చిందట. ఒంటి మీది ట్రామ్ డ్రైవరు యూనిఫారం కూడా మార్చుకోలేదు. బల్లమీద తండ్రి ఫోను, పక్కన తన ఫోను. విద్రా అప్పటికే ఫోనులో ఆత్మహత్య అన్న మాట ఆమెకి చెప్పేశాడు. ఏ మాట ఎప్పుడు చెప్పాలో నేర్పే పోలీసు స్కూలు ఇంకా పెట్టలేదు.

గురువారం సాయంత్రం తను డ్యూటీలో ఉందని చెప్పింది. బండి నడిపేటప్పుడు ఫోను ఆపేసి సంచిలో పెట్టాలి, అది వాళ్ళ రూలు. దిగాక చూసింది, నాన్న చేశాడని. అలసిపోయి ఉంది, రేపు మాట్లాడదాంలే అనుకుంది. శుక్రవారం మరిచిపోయింది. శనివారం చేస్తే ఎత్తలేదు, పబ్బులో ఉన్నాడేమో అనుకుంది. ఇదంతా ఏడవకుండా, ఎవరిగురించో చెబుతున్నట్టు చెప్పింది. తర్వాత తల ఎత్తి నావైపు చూసింది.

"నాకు ఒక్కటే చెప్పండి కెప్టెన్ గారూ. నేను ఫోన్ ఎత్తి ఉంటే నాన్న బతికేవాడా?"

ఫైలులో ఆత్మహత్య అని పడితే ఈ పిల్ల మిగతా బతుకంతా ఆ ప్రశ్నతోనే ట్రామ్ నడపాలి. ఆ క్షణంలో నాకు విద్రా, ఆ ఖాళీ కుర్చీ, నా రెండో సంతకం అన్నీ చాలా చిన్నవైపోయాయి. ఈమెకి నిజం తెచ్చివ్వాలి, అది ఎలాంటిదైనా సరే అనుకున్నాను.

నాన్న ఆఖరుగా పంపింది ఇదేనంటూ తన ఫోనులో ఒక ఫోటో చూపించింది. గురువారం మధ్యాహ్నం తీసింది. గుమ్మం దగ్గర నిలబడి తీసినట్టున్నాడు, తొట్లు కింద దూరంగా కనిపిస్తున్నాయి. రెండింటిలోనూ నురగ అంచుదాటి తెల్లగా, గడ్డలు గడ్డలుగా పొంగి ఉంది. కింద, చూశావా ఎంత పొగరో, అని రాశాడు.

ఆ ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. మధ్యాహ్నం అంత ఎత్తున పొంగిన నురగ ఆ సాయంత్రానికి దిగదు. దిగి, కమిలి, దుప్పటిలా మారి, ఎత్తెయ్యడానికి వీలుకావాలంటే కనీసం మరో రెండు రోజులు పడుతుంది. సోమవారం నేను చూసేసరికి రెండు తొట్లూ శుభ్రంగా ఉన్నాయి. మడ్డి బకెట్టులో ఉంది. కడిగిన గరిటె గోడకి ఉంది.

ష్పాచెక్ పోయాక ఎవరో ఆ గదిలోకి వెళ్ళారు. నేలమీద పడి ఉన్న మనిషిని దాటుకుని వెళ్ళి, అతడి బీరు చేదెక్కకుండా నురగ తీసి, గరిటె కడిగి పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయారు. దొంగ అలా చెయ్యడు. శత్రువైనా చెయ్యడు. తొట్టిలో బీరు పాడవుతుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి ఒక్కడే చేస్తాడు.

నాన్నకి బీరు కాచడం ఎవరు నేర్పారని అడిగాను. ప్రొకోప్ బాబాయ్ అంది. మూతపడిన మా ఊరి బ్రూవరీకి, అంటే బీరు ఫ్యాక్టరీకి, ఆఖరి మేస్త్రీ, ప్రొకోప్ కుబాత్. సొంత బాబాయ్ కాదు గాని తను ఆయన భుజాలమీదే పెరిగిందట. మధ్యాహ్నందాకా ఏ నిర్ణయానికీ రావద్దనీ, కింద గదిలోకి మాత్రం వెళ్ళొద్దనీ స్వాటవాకి చెప్పాను. తలూపింది. నాన్న పడిన చోటు ఒక్కసారి చూడాలనుంది అని మాత్రం అంది. తర్వాత నేనే చూపిస్తానన్నాను.

కుబాత్ ఇల్లు పై వీధిలో ఉంది. కిటికీ తెరిస్తే ఎదురుగా పాత బ్రూవరీ. ఇప్పుడది ఫ్లాట్లయింది, మాల్టు ఆరబెట్టిన అంతస్తులో ఎవరో పిల్లల బట్టలు ఆరేశారు. ముసలాయన ఒక్కడికీ సరిపడా బంగాళాదుంపలు చెక్కు తీసుకుంటున్నాడు. గుమ్మంలోనే నా కాళ్ళవైపు చూశాడు. నేను బూట్లు విప్పాను.

"నిన్న మీ కుర్రాడొకడు వచ్చాడు," అన్నాడు కూర్చోమని కూడా అనకుండా. "చుట్టరికం ఉందా, పగలున్నాయా అని రెండు ముక్కలడిగి పోయాడు. బూట్లు విప్పలేదు. మీరు కాస్త నయం, కెప్టెనమ్మా."

ఆఖరుసారి అలోయిస్ ఇంటికి బుధవారం వెళ్ళానని చెప్పాడు. ఇద్దరూ కలిసే కాచారట. లెక్కలూ గొట్టాలూ అలోయిస్‌వి, చెయ్యి తనది. గొడవలేమైనా ఉన్నాయా అంటే, లేకుండా ఎలా ఉంటాయన్నాడు. ఆ ఫ్యాను తనకు మొదటినుంచీ గిట్టదట. పులిసే బీరు పసిపిల్ల లాంటిది, దాని గదిలో గాలి కదలకూడదు, గాలి కొడితే నురగ చలికి ముడుచుకుపోతుంది, బీరుని పులియబెట్టే ఈస్టు అలుగుతుంది. మరి గ్యాసు మాటేమిటని అడిగాను. బ్రూవరీలో ఉన్నన్నాళ్ళూ తాము కొవ్వొత్తి పట్టుకుని దిగేవాళ్ళమన్నాడు. అది ఆరిపోతే వెనక్కి తిరిగి వచ్చేవాళ్ళు. అలోయిస్ మాత్రం కొవ్వొత్తి మాటెత్తితే నవ్వేవాడట, తలుపే చూసుకుంటుందనేవాడట.

ఆయన చెప్తున్నంతసేపూ కత్తి ఆగలేదు. నేను లేచి, బూట్లకోసం వెళ్తున్నట్టు గుమ్మందాకా వెళ్ళి, ఆ రెండు తొట్లూ ఇవాళ పారబోయిస్తున్నారని చెప్పాను. అబద్ధం కాదు, విద్రా ఆర్డరు నిజంగానే రాశాడు.

"పారబోస్తారా?" కత్తి బల్లమీద పెట్టేశాడు. "బుద్ధుందా మీవాళ్ళకి? అది మంచి బీరమ్మా. ఇవాళే పీపాల్లోకి దించి చల్లగా పెట్టాలి. నురగ తీసి మూడు రోజులైంది, ఇంకా ఆ తొట్టిలో వదిలేస్తే..."

మాట అక్కడ ఆగిపోయింది. కుళాయినుంచి నీటిబొట్లు పడుతున్నాయి.

"బుధవారం వెళ్ళొచ్చిన మనిషికి శనివారం నురగ తీశారని ఎలా తెలిసింది, కుబాత్ గారూ?"

ఆయన తన చేతులవైపు చూసుకున్నాడు. బుకాయించలేదు. ఆ వయసులో బుకాయించడానికి ఓపిక కావాలి.

"శనివారం తియ్యాల్సిన నురగ అది," అన్నాడు. "తియ్యడానికే వెళ్ళాను. నా కొవ్వొత్తి రెండో మెట్టు మీదే ఆరిపోయింది. ఫ్యాను వేసి, గాలి మారాక దిగాను. వాడు పక్కకి తిరిగి పడుకున్నట్టు ఉన్నాడు. ముట్టుకుంటే చల్లగా ఉన్నాడు. కాసేపు అక్కడే కూర్చున్నాను. తర్వాత లేచి నురగ తీశాను. వాడికి నేను చెయ్యగలిగింది ఇంకేముంది చెప్పండి?"

ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగాను. పెట్టెలో తీగ సంగతి తెలుసా అన్నాను. చెక్కు తీసిన దుంపని మళ్ళీ చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు. ఇంకొక్క మాట ఒత్తి అడిగితే బయటపడేదే, కాని అప్పుడే నా ఫోను మోగింది.

విద్రా. గొంతు ఎప్పటిలా లేదు.

"బొహ్దానా, ఆ నేలమాళిగ తలుపు నువ్వు మూశావా?"

స్వాటవా చేత సంతకం పెట్టించుకోవడానికి వచ్చాడట. ఇంట్లో ఎవరూ లేరు. ఎర్ర టేపు తెగి వేలాడుతోంది. చెక్కముక్క గుమ్మం ముందు పడి ఉంది. ఉక్కు తలుపు మూసుకుని గడియ పడి ఉంది. ఆ గడియని బయటినుంచి వదిలించే పెట్టె ల్యాబులో ఉంది.

నేను చెప్పకముందే కుబాత్ లేచి నిలబడ్డాడు. కోటు వేసుకోలేదు, ఇంటి చెప్పులతోనే వచ్చి నా కారెక్కాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఫ్యాను తిరగలేదు. రెండు తొట్లలోంచీ గ్యాసు ఊరుతూనే ఉంది. ఆమెని ఒంటరిగా వదిలి వెళ్ళింది నేనే. మా ఊరు చిన్నదే అయినా దారి ఎంతకీ తెమల్లేదు.

మేము వెళ్ళేసరికి విద్రా గడ్డపలుగుతో తలుపుని పెకలించడానికి ప్రయత్నిస్తున్నాడు. చొక్కా తడిసిపోయింది, అరచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. లిఫ్టు తలుపుకి గీత పడింది గాని కదల్లేదు. ఫైరింజన్ పక్క ఊరినుంచి రావాలి. పిలిస్తే మొదట్లో పలికిందనీ, ఇప్పుడు పలకడం లేదనీ చెప్పాడు. ఏమంది అని అడిగాను.

"నాన్న దగ్గర కాసేపు కూర్చుంటాను, విసిగించకండి అంది," అన్నాడు. "కూర్చుంటానంది, బొహ్దానా. కింద."

నేను తలుపు బాదాను, పేరు పెట్టి పిలిచాను. లోపలి పిడి ఆమెకి కొన్ని మెట్ల దూరంలోనే ఉంది. మెట్లెక్కి దాన్ని తిప్పితే చాలు. తిప్పాలని ఆమెకి అనిపించాలి, అంతే.

కుబాత్ నన్ను పక్కకి జరిపి తలుపుకి చెవి ఆనించాడు.

"స్వాటా, నేనమ్మా, ప్రొకోప్ బాబాయ్‌ని. నేలమీద కూర్చోకు. లే. పీట ఉంది కదా, దానిమీదికెక్కి నిలబడు ముందు."

చప్పుడు లేదు.

"తీగ పెట్టింది నేను," అన్నాడు.

విద్రా చేతిలో పలుగు ఆగిపోయింది. ముసలాయన మా వైపు తిరగలేదు. తలుపుతోనే మాట్లాడుతున్నాడు, గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, చెవిటివాళ్ళకి చెప్పినట్టు.

"బుధవారం మీ నాన్న కొట్టుకెళ్ళినప్పుడు పెట్టాను. నురగ పొంగుతోంది, ఆ ఫ్యాను గాలి తగిలితే పాడవుతుందని ఫ్యాను ఆపాను. ఆపితే తలుపు రాదు కదా, అందుకని తీగ పెట్టాను. చెప్తే వాడు ఒప్పుకోడు. శుక్రవారం వచ్చి తీసేద్దాంలే అనుకున్నాను. ఆ బ్రూవరీ పోయాక నా మాట చెల్లే చోటు ఇదొక్కటే మిగిలింది, అక్కడ కూడా ఒక ఫ్యాను ముందు ఓడిపోవడం ఇష్టంలేకపోయింది. అంతే తల్లీ. శుక్రవారం మోకాలు నొప్పని రాలేదు. శనివారం వచ్చాను. తీగ తీసేస్తే దొంగనవుతాను, చెప్తే హంతకుణ్ణవుతాను. రెండూ చేతకాక నురగ తీసి, ఫ్యాను మళ్ళీ ఆపేసి ఇంటికి పోయాను."

ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"మీ నాన్న చావడానికి దిగలేదు. తలుపు తెరుచుకుంది కాబట్టి దిగాడు. నువ్వు ఫోన్ ఎత్తినా దిగేవాడే, ఎత్తకపోయినా దిగేవాడే. వినపడుతోందా స్వాటా? నీవల్ల ఏమీ కాలేదు. నావల్ల అయింది."

లోపల ఏదో నేలకి రాసుకున్న చప్పుడయింది. తర్వాత చాలా దూరంనుంచి వస్తున్నట్టు ఆమె గొంతు.

"మరి ఎందుకు ఫోన్ చేశాడు?"

"నేనే చెయ్యమన్నాను," అన్నాడు కుబాత్. "ఈ బీరు ఎప్పుడు తెరుద్దాం అని వాడడిగితే, నీ కూతురు ఎప్పుడొస్తుందో కనుక్కో, ఆ రోజు తెరుద్దాం అన్నాను. ఆ ఒక్క ముక్క అడగడానికే చేశాడమ్మా. రా తల్లీ, పైకి రా. వచ్చి నన్ను ఏమనాలో అను."

మెట్లమీద ఒక అడుగు వినిపించింది. ఆగింది. ఇంకొకటి. విద్రా పలుగు కింద పెట్టి, నెత్తురు చేతిని ప్యాంటుకి తుడుచుకుంటూ నా పక్కన నిలబడ్డాడు. లోపలి పిడి ఒకసారి కదిలి ఆగిపోయింది. కుబాత్ రెండు అరచేతులూ ఆ ఉక్కుకి ఆనించి, కళ్ళు మూసుకుని, ఆమె పేరు మెల్లగా పిలుస్తూనే ఉన్నాడు. పిడి మళ్ళీ కదిలింది. ఈసారి గడియ వదిలింది.